కొరియోలిస్... బిలియర్డ్స్ బల్ల దగ్గర!

మెకానికల్ బ్రాంచి వాళ్లకు ఈ పేరు పరిచయం చెయ్యక్కర్లేదు. థియరీ ఆఫ్ మెషీన్స్‌లో క్రాంక్ అండ్ స్లాటెడ్ లివర్ బొమ్మ గీసి, స్లైడర్ దగ్గర టూ ఒమేగా వీ అని రాసి, బాణం గుర్తు ఎటు పెట్టాలో తేలక కాసేపు పెన్ను కొరికే ఉంటారు. గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఇదే పేరు జాగ్రఫీలో తగులుతుంది. ఉత్తరార్ధగోళంలో గాలులు కుడివైపుకు, దక్షిణార్ధగోళంలో ఎడమవైపుకు మళ్లడానికి కారణం కొరియోలిస్ బలం అని బిట్టు. గేట్‌లో అయినా, గ్రూప్స్‌లో అయినా ఈయన మార్కు మనకు కావాల్సిందే. ఈయన ఎవరో మాత్రం ఎవరూ అడగరు.

ఇంకో సంగతి చెబితే హాస్టల్ కామన్ రూంలో పూల్ టేబుల్ చుట్టూ తిరిగేవాళ్లు కూడా చెవి ఇటు పడేస్తారు. కొరియోలిస్ 1835లో ఒక పుస్తకం రాశారు. బిలియర్డ్స్ బంతి ఎందుకు వంకర తిరుగుతుంది, స్పిన్ ఇస్తే ఏమవుతుంది, కర్ర ఎక్కడ తగలాలి అన్నవే దాని నిండా. లెక్కలతో సహా! పూల్, స్నూకర్, బిలియర్డ్స్... ఆట ఏదైనా క్యూ బాల్ పాటించే సూత్రాలు అవే కాబట్టి, దాదాపు రెండు వందల ఏళ్ల నాటి ఆ పుస్తకంలోని ఫలితాలు ఇవాళ సాయంత్రం మీరు ఆడబోయే ఆటకు కూడా పనికొస్తాయి. వాటి దగ్గరకు వెళ్లేముందు మనిషి గురించి కొంచెం తెలుసుకుందాం.

గాస్పార్ గుస్తావ్ కొరియోలిస్ 1792 మే 21న పారిస్‌లో పుట్టారు. ఏం ముహూర్తమో గానీ, ఫ్రాన్స్ అంతా విప్లవంతో ఉడికిపోతున్న ఏడాది అది. తండ్రి రాజు 16వ లూయీకి విధేయుడైన సైనికాధికారి. కొడుక్కి ఏడాది నిండకముందే రాచరికం రద్దయింది, 1793 జనవరిలో రాజు తల తెగింది. రాజు మనుషులకు పారిస్‌లో ప్రాణభయం. కుటుంబం తూర్పున ఉన్న నాన్సీ పట్టణానికి చేరింది. సైన్యం తప్ప వేరే తెలియని తండ్రి అక్కడ పరిశ్రమ పెట్టుకుని బతుకు వెతుక్కున్నారు. కొరియోలిస్ బడి చదువు ఆ ఊళ్లోనే సాగింది.

1808లో ఎకోల్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాశారు. పాలిటెక్నిక్ అనగానే మన డిప్లొమా కాలేజీ అనుకోవద్దు. ఫ్రాన్స్‌కు అది మన ఐఐటీలాంటిది, ఇంకా చెప్పాలంటే అంతకంటే గట్టిది. పదహారేళ్ల కుర్రాడికి వచ్చిన ర్యాంకు 2. అక్కడ చదువయ్యాక వంతెనలు, రహదారుల కళాశాలకు వెళ్లి, ఆపైన ప్రభుత్వ ఇంజినీర్ల దళంలో చేరారు. మన దగ్గర ఏఈఈ పోస్టులాంటిది అనుకోండి. పోస్టింగ్ తూర్పు జిల్లాల్లో, వోజ్ కొండల వైపు. రెండో ర్యాంకు, సర్కారీ కొలువు. మన ఇళ్లలో అయితే స్వీట్లు పంచేసి, సంబంధాలు చూడ్డం మొదలుపెట్టేవాళ్లు.

కానీ ఆరోగ్యం మొదటి నుంచీ అంతంత మాత్రం. ఇంతలో తండ్రి పోయారు, ఇంటి భారం ఈయన మీద పడింది. సరిగ్గా అప్పుడు 1816లో ఎకోల్ పాలిటెక్నిక్‌లోనే ట్యూటర్ ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. గణితంలో మహా ఉద్దండుడు కోషీ ఈయన పేరు సిఫార్సు చేశారు. ఇంజినీరింగ్ మ్యాథ్స్‌లో మనల్ని ఏడిపించే కోషీ, ఆయనే. ఆ పోస్టును ఫ్రెంచిలో రెపెటితర్ అంటారు. ప్రొఫెసర్ చెప్పిన పాఠాన్ని పిల్లలకు మళ్లీ వివరించడం, వాళ్లను ప్రశ్నలడిగి వచ్చిందో లేదో చూడటం పని. క్లాసులో పెద్ద పీట ప్రొఫెసర్‌ది. ఈయన సాయం.

చూడ్డానికి ఇది మెట్టు దిగడంలాగే ఉంటుంది. ఇవాళ అదే రెజ్యూమె మీరు హెచ్‌ఆర్ ముందు పెడితే, ఇంజినీర్ ఉద్యోగం వదిలి ట్యూటర్‌గా ఎందుకు వెళ్లారు అనే ప్రశ్న ఖాయం. ఈయన కాలేజీలో ఆ పనిని ఒకటి రెండేళ్లు కాదు, 1838 దాకా వదల్లేదు. జీతం కోసం, ఒంటి కోసం తీసుకున్న ఉద్యోగమే గానీ, నా లెక్కలో ఆయన రాసిన ప్రతి మంచి పేజీకీ మూలం అక్కడే ఉంది. పాఠం ఒకసారి విని అర్థంకాని పిల్లవాడికి రెండోసారి చెప్పాలంటే, మొదటిసారి చెప్పిన దాంట్లో ఏ మాట అస్పష్టంగా ఉందో పట్టుకోవాలి కదా!

ఆయన పట్టుకున్న అస్పష్టమైన మాటల్లో పెద్దది, యంత్రం చేసే పని. నీటి చక్రాలు, ఆవిరి యంత్రాలు ఊరూరా వస్తున్న కాలం. ఏ యంత్రం ఎంత ఇస్తుందో పోల్చాలంటే అందరికీ ఒకే కొలత ఉండాలి. అప్పటిదాకా తలా ఒక పేరు వాడేవారు. 1829లో వచ్చిన పుస్తకంలో కొరియోలిస్ బలాన్ని, ఆ బలం దిశలో జరిగిన దూరంతో గుణిస్తే వచ్చేదానికి పని అని పేరు ఖాయం చేశారు. ఫిజిక్స్‌లో మనం రాసే వర్క్ అదే. అంతకుముందు ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, దాన్ని సజీవ బలం అనేవారు. ఆయన దాన్ని సగం చేసి లెక్కలోకి తీసుకోమన్నారు. ఎందుకంటే అప్పుడే చేసిన పని, వచ్చిన మార్పు సరిసమానంగా తూగుతాయి, మధ్యలో 2 అనే అంకె అడ్డం రాదు. కైనెటిక్ ఎనర్జీ సూత్రంలో ముందు కూర్చునే ఆ అర ఇలా వచ్చింది. పనికి డైనమోడ్ అని ఒక యూనిట్ కూడా ప్రతిపాదించారు. వెయ్యి కిలోగ్రాముల బరువును మీటరు ఎత్తు లేపే పని. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఆ 1829 పుస్తకం పేరులో ఎఫె అనే ఫ్రెంచి మాట ఉంది. ఫలితం అని అర్థం. యంత్రాల ఫలితాన్ని లెక్కించడం గురించి ఆ పుస్తకం. బిలియర్డ్స్ ఆడే ఫ్రెంచివాళ్లు బంతికి ఇచ్చే స్పిన్‌ను కూడా ఎఫె అనే అంటారు. 1835 పుస్తకం పేరులో మళ్లీ అదే మాట ఉంది, ఈసారి బిలియర్డ్స్ ఆటలోని ఎఫెల గణిత సిద్ధాంతం అని. కావాలని పెట్టారో, యాదృచ్ఛికమో గానీ, నాకు ఈ రెండు పుస్తకాలూ ఒకే ప్రశ్నకు రెండు జవాబుల్లా కనిపిస్తాయి. ఇటు నుంచి ఇంత బలం పెడితే, అటు నుంచి వచ్చేదేమిటి?

ఆట కూడా అప్పుడే మారుతోంది. ఫ్రాంస్వా మ్యాంగో అనే ఆటగాడు (పండు కాదు, మనిషి పేరే) కర్ర కొసకు తోలు టిప్పు అతికించి ఆడటాన్ని జనంలోకి తెచ్చారు. నున్నటి చెక్క కొస బంతిని పక్కగా కొడితే జారిపోతుంది, తోలు పట్టుకుంటుంది. ఆ పట్టుతో బంతిని వెనక్కి లాగడం, వంపు తిప్పడం సాధ్యమయ్యాయి. మ్యాంగో 1827లో ఆట గురించి పుస్తకం కూడా వేశారు. ఏనుగు దంతంతో చేసిన బంతి అలా వెనక్కి నడిచొస్తుంటే చూసినవాళ్లకు కనికట్టులా ఉండేది. కొరియోలిస్ దాన్ని బలాలు, రాపిడి, భ్రమణంగా విడగొట్టారు.

ఇక బల్ల దగ్గరకు రండి

మొదట ఒక చిన్న విషయం. కర్రతో బంతిని సరిగ్గా నడిమధ్యలో కొట్టారనుకోండి. బంతి దొర్లుకుంటూ బయల్దేరదు. మంచు మీద రాయిలా జారుతూ బయల్దేరుతుంది. కింద గుడ్డ రాపిడి దాన్ని వెనక్కి లాగుతుంది, అదే రాపిడి బంతిని ముందుకు తిప్పడం కూడా మొదలుపెడుతుంది. వేగం తగ్గుతూ తగ్గుతూ మొదటి వేగంలో ఏడింట అయిదో వంతుకు వచ్చేసరికి జారుడు ఆగి, శుద్ధమైన దొర్లుడు వస్తుంది. జారకుండా మొదటి క్షణం నుంచే దొర్లాలంటే బల్ల నుంచి బంతి ఎత్తులో పదింట ఏడో వంతు దగ్గర కొట్టాలి. రోటేషనల్ మోషన్ చాప్టర్‌లో ఈ లెక్క మీరు చేసే ఉంటారు. జేఈఈ మెటీరియల్‌లో తప్పకుండా ఉంటుంది.

దీన్నుంచే క్యూ బాల్ కంట్రోల్ మొదలవుతుంది. కొత్తగా ఆడేవాళ్లు ఎదుటి బంతి పాకెట్లో పడిందా లేదా అన్నదే చూస్తారు. పడుతుంది. తెల్ల బంతి వెళ్లి మూలన నక్కుతుంది, తర్వాతి బంతికి దారి ఉండదు. ఆట తెలిసినవాళ్లు కొట్టేముందే తెల్ల బంతి ఎక్కడ ఆగాలో అనుకుంటారు. అలా ఆపాలంటే, ఎదుటి బంతిని తాకే క్షణంలో తెల్ల బంతి ఏ స్థితిలో ఉందన్నది కీలకం. అది దొర్లుతోందా, తిరక్కుండా జారుతోందా, వెనక్కి తిరుగుతోందా?

తిరక్కుండా జారుతూ వెళ్లి నేరుగా గుద్దితే తెల్ల బంతి అక్కడే ఠక్కున ఆగుతుంది. స్టన్ అంటారు. దొర్లుతూ గుద్దితే ఒక్క క్షణం ఆగి మళ్లీ ముందుకు పోతుంది. వెనక్కి తిరుగుతూ గుద్దితే వెనక్కి వస్తుంది, మన పార్లర్లలో స్క్రూ అంటారే, అది. సాధన చేయాలంటే ఎదుటి బంతిని అడుగు దూరంలో పెట్టి తెల్ల బంతి ఆగేలా కొట్టండి. తర్వాత రెండడుగులు, మూడడుగులు... దూరం పెరిగేకొద్దీ మధ్యలో కొడితే ఆగడం మానేస్తుంది, ఎందుకంటే దారిలో గుడ్డ దాన్ని దొర్లించేస్తోంది. ఆగాలంటే ఇంకాస్త కింద కొట్టాలి, లేదా ఇంకాస్త గట్టిగా కొట్టాలి. కింద కొట్టి ఇచ్చిన వెనక స్పిన్‌ను రాపిడి తినేస్తూ ఉంటుంది. అది పూర్తిగా అయిపోయే చోట ఎదుటి బంతి ఉండేలా చూసుకోవడమే స్టన్ రహస్యం. ఒక వారం రోజులు ఈ ఒక్కటే ఆడినా ఆట మారిపోతుంది.

ఇది ఎదురుగా కొట్టే షాట్. పక్కగా తగిలినప్పుడే కొరియోలిస్ పుస్తకం అసలు మజా. దెబ్బ తగిలిన వెంటనే తెల్ల బంతి, రెండు బంతుల మధ్య గీసిన స్పర్శరేఖ వెంట పక్కకు పోతుంది. కానీ అది తనతో తెచ్చుకున్న స్పిన్ ఇంకా పాత దిశలోనే ఉంది. అందుకే బల్లను తాకే చోట బంతి ఏటవాలుగా జారుతుంది. ఇక్కడ ఆయన చూపించిందేమిటంటే, ఆ జారుడు వేగం తగ్గుతుందే గానీ దాని దిశ మారదు. దిశ మారకపోతే రాపిడి దిశా మారదు, పరిమాణమూ మారదు. స్థిరమైన బలం ఒకే దిశలో పనిచేస్తే వస్తువు ఏ దారిలో పోతుంది? పైకి విసిరిన రాయి గుర్తొచ్చిందా? పారాబోలా! జారుడు ఆగాక తిన్నగా దొర్లుతుంది. బంతి వంపు వెనకున్న కనికట్టు అంతా ఇంటర్ ప్రొజెక్టైల్స్ పాఠమే.

మీ చేతికి ఇది ఎలా పనికొస్తుందంటే, గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా, దొర్లే బంతి చివరికి తీసుకునే కోణం ఒకటే. గట్టిగా కొడితే స్పర్శరేఖ వెంట ఎక్కువ దూరం వెళ్లి ఆలస్యంగా మళ్లుతుంది, మెల్లగా కొడితే వెంటనే మళ్లుతుంది. మధ్యలో ఇంకో బంతి అడ్డం ఉంటే దాన్ని చుట్టి వెళ్లడానికి, లేదా దాని ముందు నుంచే దాటడానికి మీ దగ్గర ఉన్న మీట వేగమే.

ఆ కోణం ఎంత అన్నది కూడా తేల్చారు. దొర్లుతున్న తెల్ల బంతి ఎదుటి బంతిని సుమారు సగానికి తగిలినప్పుడు, దాని దారి అత్యధికంగా మళ్లుతుంది. ఆ గరిష్ఠం దాదాపు 34 డిగ్రీలు. ఇందులో ఏముంది అంటారా? గరిష్ఠ బిందువు దగ్గర వాలు సున్నా. డీవై బై డీఎక్స్ ఈజ్ ఈక్వల్ టు జీరో. అంటే గురి కాస్త అటూఇటూ అయినా కోణం పెద్దగా మారదు. పావు బంతి నుంచి ముప్పావు బంతి దాకా ఎక్కడ తగిలినా మళ్లింపు 30 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. పూల్ నేర్పేవాళ్లు ఇవాళ 30 డిగ్రీల రూల్ అని చెప్పేది దీన్నే. చూపుడు వేలు, మధ్యవేలు చాచి వీ ఆకారంలో పెట్టి, తెల్ల బంతి ఎటు పోతుందో అంచనా వేస్తుంటారు. మ్యాక్సిమా మినిమా ఎందుకు చదవాలని ఎవరైనా అడిగితే నేను ఈ ఉదాహరణే చెబుతాను.

సైడ్ స్పిన్ సంగతి. మధ్య నుంచి పక్కకు ఎంత జరిగి కొడితే అంత స్పిన్ అనుకుంటాం. దానికీ హద్దుంది. బంతి వ్యాసార్ధంలో సగం దూరం దగ్గర గరిష్ఠ స్పిన్ వస్తుందని ఆయన లెక్క. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు, కాబట్టి మధ్య నుంచి సుమారు 14 మిల్లీమీటర్లు. దాటితే టిప్పు జారి టక్‌మని ఆ దరిద్రపు చప్పుడు వస్తుంది చూశారూ, మిస్‌క్యూ. స్కేలు పెట్టి కొలవక్కర్లేదు. గీత ఉన్న బంతిని తెల్ల బంతి స్థానంలో, గీత నిలువుగా మీకు ఎదురుగా ఉండేలా పెట్టండి. గీత అంచు దాదాపు ఆ హద్దు దగ్గరే ఉంటుంది. టిప్పుకు చాక్ బాగా రాసి కొట్టి, బంతి మీద పడిన నీలం మచ్చ చూసుకోండి. మీరు కొట్టాననుకున్న చోటికీ, నిజంగా కొట్టిన చోటికీ ఎంత తేడా ఉందో అదే చెప్పేస్తుంది.

మాసే అనే షాట్ కూడా పుస్తకంలో ఉంది. కర్రను దాదాపు నిలువుగా ఎత్తి బంతి మీదకు దించితే, అది ముందుకెళ్లి గిర్రున వంపు తిరుగుతుంది. కర్రను అదే వాలులో కిందికి పొడిగిస్తే బల్లను ఎక్కడ తాకుతుందో అక్కడ ఒక చుక్క, బంతి మొదట కూర్చున్న చోట ఒక చుక్క. ఈ రెండింటినీ కలిపే గీతకు సమాంతరంగానే బంతి చివరి దారి ఉంటుంది. అంత జటిలమైన షాట్‌కు ఇంత తేలికైన గీత! దయచేసి పార్లర్‌లో ప్రయత్నించకండి. గుడ్డ చిరిగితే డబ్బులు మీరే కట్టాలి.

ఇవన్నీ హైస్పీడ్ కెమెరా లేని రోజుల్లో కాగితం మీద తేల్చినవి. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ప్రొఫెసర్‌గా చేసిన డేవిడ్ ఆల్సియటోర్ లాంటివాళ్లు మన కాలంలో స్లో మోషన్ వీడియోలతో వీటిని చూపించారు. ఫ్రెంచి పుస్తకానికి 2005లో ఇంగ్లిష్ అనువాదం కూడా వచ్చింది.

మరి టూ ఒమేగా వీ?

అదీ 1835లోనే అచ్చయింది. తిరిగే యంత్ర భాగాల మీద ఇంకో వస్తువు కదులుతుంటే లెక్క ఎలా కట్టాలన్నది ఆ వ్యాసం. ఆయన మనసులో ఉన్నవి నీటి చక్రాల్లాంటి యంత్రాలు. తిరిగే చట్రంలో ఉండి చూసేవాళ్లకు అదనంగా కనిపించే ఆ బలాలను ఆయన సంయుక్త అపకేంద్ర బలాలు అన్నారు. గాలుల గురించి, సముద్ర ప్రవాహాల గురించి అందులో ఆయన రాయలేదు. భూమి కూడా తిరిగే చట్రమే కదా అని వాతావరణ శాస్త్రానికి దాన్ని అన్వయించడం తర్వాతివాళ్ల పని. కొరియోలిస్ బలం అన్న పేరు స్థిరపడింది 20వ శతాబ్దంలో. వాష్ బేసిన్‌లో నీళ్లు సుడి తిరగడానికి కూడా ఇదే కారణమని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అంత చిన్న తొట్టిలో దాని ప్రభావం లెక్కకు రాదు. ఇంటర్వ్యూలో ఈ ఉదాహరణ చెప్పి దొరికిపోకండి.

ఉద్యోగం విషయానికొస్తే, 1829లో కొత్తగా పెట్టిన ఎకోల్ సాంత్రాల్ అనే ఇంజినీరింగ్ కాలేజీలో మెకానిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. 1830లో మళ్లీ విప్లవం. కొత్త రాజుకు విధేయత ప్రమాణం చేయనని కోషీ దేశం వదిలి వెళ్లిపోయారు. ఖాళీ అయిన కోషీ కుర్చీ కొరియోలిస్‌కు ఇస్తామన్నారు. పద్నాలుగేళ్లుగా సాయం చేస్తున్న ట్యూటర్‌కు ప్రొఫెసర్ పోస్టు! పరిశోధనకు టైం ఉండదని వద్దన్నారు. దాన్ని గొప్ప త్యాగం అనను గానీ, తర్వాతి అయిదేళ్లలో వచ్చినవాటిని చూస్తే ఆ లెక్కా తప్పలేదనిపిస్తుంది. 1832లో తాను చదివిన వంతెనలు, రహదారుల కళాశాలలో నేవియర్‌తో కలిసి పాఠాలు చెప్పడానికి ఒప్పుకున్నారు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో నేవియర్ స్టోక్స్ ఈక్వేషన్స్ ఉంటాయే, ఆ నేవియర్. 1836లో ఆయన పోయాక అక్కడి ప్రొఫెసర్ పదవి, ఫ్రెంచి సైన్స్ అకాడమీలో సభ్యత్వం రెండూ కొరియోలిస్‌కు వచ్చాయి. అప్పటికి నలభై నాలుగేళ్లు.

1838లో పాఠాలు చెప్పడం మానేసి, ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదువుల డైరెక్టర్ అయ్యారు. ట్యూటర్‌గా అడుగుపెట్టిన చోటే. పదవిలో ఉండగా క్లాసు గదుల్లో తాగునీరు చల్లగా ఉండే ఏర్పాటు చేయించారు. ఆ కాలేజీ పిల్లలు మంచినీళ్ల కూలర్‌ను కొరియో అని పిలవడం అలా మొదలైంది.

ఆరోగ్యం ఎప్పుడూ కుదుటపడలేదు. 1843 వసంతంలో మరీ క్షీణించింది. 1829 నాటి పుస్తకాన్ని సవరించి, పెంచి మళ్లీ అచ్చుకు సిద్ధం చేస్తున్న రోజులవి. సెప్టెంబరు 19న పారిస్‌లో కన్నుమూశారు, వయసు 51. మోంపర్నాస్ శ్మశానంలో సమాధి చేశారు. సవరించిన పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు చుట్టూ చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఒకటి.